గరిట కూర్చున్న బొమ్మ

"ఆ సముద్రం కాస్త పక్కకి తీస్తే భోంచేస్తాం," అన్నాడు మా ఆయన.

తీశాను. సముద్రం అంటే అప్పుడే నీలం పూసిన, ఇంకా తడి ఆరని రెండు పేజీల సముద్రం. దాన్ని రెండు అరచేతుల మీదా మోసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టాను. కుంచెలు కడిగే గ్లాసు కిటికీ గట్టు మీదకి వెళ్ళింది. రంగుల పెట్టె వాషింగ్ మెషీన్ మీదకి వెళ్ళింది. అంతకు ముందురోజు గీసిన తుఫాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టాను. తర్వాత బల్ల తుడిచి, కంచాలు పెట్టి, మంచినీళ్ళు పెట్టి, వంటింట్లోంచి గిన్నెలు తెచ్చాను. మా ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. అందరూ తిని లేచాక అది నాది, మళ్ళీ ఎవరికైనా ఆకలేసే వరకూ. రోజుకి ఇన్నిసార్లు సముద్రాన్ని ఎత్తి దించే మనిషి ఇంకెవరూ ఉండరనుకుంటాను.

నేను పిల్లల సాహస కథల పుస్తకాలకి బొమ్మలు గీస్తాను. ఈ వాక్యం మా ఇంట్లో ఎవరి నోటా ఇలా రాదు. "మా కోడలు బొమ్మలు గీసుకుంటుంది," అంటారు మా అత్తగారు ఫోన్లో ఎవరైనా అడిగితే. "తను ఇంట్లోనే ఉంటుంది, ఏవో బొమ్మలు గీసుకుంటూ," అంటాడు మా ఆయన స్నేహితులతో. మన భాషలో ఆ 'కోవడం' ఉంది చూశారూ, అది మహా గడుసుది. ఎంత పనినైనా చిటికెలో కాలక్షేపం చేసి పారేస్తుంది. మా ఆయన ఉద్యోగం చేస్తాడు. నేను తల దువ్వుకున్నట్టు బొమ్మలు గీసుకుంటాను. ఇంటి పని దగ్గరికొచ్చేసరికి అదే 'కోవడం' ఇంకో వేషం వేసుకొస్తుంది. పిల్లని చూసుకో, వంట చేసుకో, సర్దుకో. తినేది నలుగురు, పని నలుగురిదీ, 'కోవడం' మాత్రం నా ఒక్కదానిదే.

నా పనిని 'గీస్తోంది' అని ఎవరైనా అనగా నేను మొదటిసారి విన్నది మా పుస్తకాల ఆఫీసులో. ఆఫీసు అంటే సైకిళ్ళు బాగుచేసే షాపు పైన మూడు గదులు. కింద సుత్తి దెబ్బ పడితే పైన టీ కప్పులు పలుకుతాయి. అక్కడి సంపాదకురాలిని అందరూ కామా గారు అంటారు. ఎవరేం రాసిచ్చినా ముందు రెండు కామాలు పెట్టి, తర్వాత చదువుతారు. ఒకరోజు నేను పక్క గదిలో ఉండగా ఆవిడ ఫోన్లో ఎవరినో కసురుకుంటున్నారు. "ఆవిడ ఇంకా గీస్తోందండీ. పని అవ్వలేదు. పని అయ్యాకే ఇస్తాం, తొందరపెట్టకండి." గీస్తోంది. పని. ఆ రెండు మాటలూ నా గురించే. నేను కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చిన్న మాటకి అంత సంతోషమేమిటని నన్ను నేనే కోప్పడ్డాను కానీ, ఆ సంతోషం ఆ రోజంతా పోలేదు.

అసలు ఆ ఆఫీసుకి నేను మొదట వెళ్ళింది పోట్లాటకి. మా అమ్మాయికి కొన్న పుస్తకంలో సగం పేజీలు తలకిందులుగా కుట్టేశారు. మార్చమని అడగడానికి వెళ్ళి, వాళ్ళు కొత్త ప్రతి వెతుకుతుంటే ఊరికే కూర్చోలేక పార్సిల్ కాగితం మీద ఒక బాతుని గీశాను. మెడ సాగదీసి, ఎవరినో తిడుతున్న బాతు. పక్క కుర్చీలో ఉన్న లావుపాటి పెద్దావిడ అది చూసి, "అచ్చం మా మేనత్త!" అని గట్టిగా అరిచారు. ఆవిడే కథలు రాసేది. ఒకప్పుడు టెలిఫోన్ ఆఫీసులో పనిచేశారట. ఆవిడని అందరూ కెప్టెన్ అంటారు. రాసేవన్నీ సముద్రం మీద సాహసాలు, ఎక్కితే బస్సు కూడా పడదు. రెండు స్టాపులు దాటేలోపు వాంతులు. "సముద్రం చూశారా కెప్టెన్ గారూ?" అని అడిగితే, "చూసినవాళ్ళు రాయరమ్మా, వాళ్ళకి తీరికేదీ?" అంటారు. ఆ బాతు ఆవిడ కథలోకి నడిచి వచ్చేసింది. పేరు మేనత్త. బాతు వెనకే నేనూ వెళ్ళాను.

అప్పటినుంచి ఐదు పుస్తకాలు. ఆ కథల్లోని పడవలో ఆరుగురు ఉంటారు. వెలగని దీపస్తంభాన్ని వదిలి వచ్చిన దీపాల తాత. తెరచాప కొయ్య చివరికెక్కి కూర్చునే పిచ్చుక అనే పిల్ల. కవలల్లో ఒకడు, రెండోవాణ్ణి వెతుక్కుంటున్న కుర్రాడు, పేరు సగం. ఒకప్పుడు దొంగ, ఇప్పుడు తాళాలు బాగుచేసే మాజీ. మేనత్త. ఆరో మనిషి గరిట, వంట చేసే అమ్మాయి. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు, పొయ్యి వెలిగించగలదు కాబట్టి ఉండిపోయింది. ఒకరికొకరు ఏమీ కారు. ఏ రేవులోనైనా ఎవరైనా "మీరు ఒకరికొకరు ఏమవుతారు?" అని అడిగితే ఆరుగురూ ఒకేసారి, "ఆలస్యమవుతాం!" అని పడవ వదిలేస్తారు. పిల్లలకి ఆ మాటంటే ప్రాణం. మా అమ్మాయి బడికి బయల్దేరేటప్పుడు రోజూ అంటుంది.

మా పని పద్ధతి కూడా ఆ పడవ లాంటిదే. మిగతాచోట్ల ముందు కథ రాసి, ఆ తర్వాత బొమ్మ వేయిస్తారట. మా దగ్గర ఏది ముందో ఎవరికీ తెలియదు. ఒకసారి నేను గీసిన సముద్ర పటం మీద మా ఆయన టీ కప్పు పెట్టాడు. గుండ్రంగా మరక. ఏడుపొచ్చింది. అలాగే తీసుకెళ్ళి చూపిస్తే, అచ్చు పని చూసే రంగుల బాబాయి కళ్ళద్దాలు పైకి తోసి, "ఇది దీవిలా ఉందే," అన్నాడు. కెప్టెన్ గారు ఆ దీవి మీద ఒక అధ్యాయం రాసేశారు. ఇప్పటికీ పిల్లలు ఆఫీసుకి వచ్చి గోధుమరంగు దీవి ఎక్కడుందని అడుగుతారు. మా ఇంటి భోజనాల బల్ల మీదుందని చెప్పలేం కదా.

మా అమ్మ పోయినప్పుడు నాలుగో పుస్తకం మధ్యలో ఉంది. ఇంట్లో అందరూ మంచిగానే ఉన్నారు, కాదనను. పరామర్శకి వచ్చినవాళ్ళకి టీలు మాత్రం నేనే పెట్టాను. కెప్టెన్ గారు వచ్చి ఒక కాగితం ఇచ్చి వెళ్ళిపోయారు. అందులో కొత్త అధ్యాయం, మొత్తం నాలుగు వాక్యాలు. 'ఆ రోజు పడవ కదల్లేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. పొయ్యి కూడా వెలిగించలేదు. అందరూ నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు.' దానికి నేను నీళ్ళు తప్ప ఏమీ గీయలేదు. కామా గారు ఆ నాలుగు వాక్యాల్లో ఒక్క కామా కూడా పెట్టలేదు. వీళ్ళెవరూ నాకు చుట్టాలు కారు. కానీ ఆ రోజు నన్ను పట్టుకుని నిలబెట్టింది వాళ్ళే. ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

ఆరో పుస్తకం ఆఖరి పేజీలకి వచ్చాక కామా గారు నన్ను కూర్చోబెట్టి విషయం చెప్పారు. ఈ పుస్తకంతో పడవ ప్రయాణం ముగుస్తుంది. తర్వాత అదే ఆరుగురితో కొత్త పుస్తకాల వరస, ఈసారి నేల మీద. పేజీలు పెద్దవి, చేతులు బార్లా చాపితే సరిపోయేంత. పదాలు తక్కువ, బొమ్మలే ఎక్కువ. "కాబట్టి నువ్వు ఇంట్లో కూర్చుని చేస్తే కుదరదు. కెప్టెనూ నువ్వూ ఎదురుబొదురుగా కూర్చుని చెయ్యాలి. మూడో గదిలో కిటికీ దగ్గర నీకు బల్ల వేయిస్తున్నాం. రోజూ రావాలి, ఉద్యోగం."

"కుదరకపోతే?" అన్నాను.

ఆవిడ దాచలేదు. "కుదరకపోతే వేరే ఎవరిచేతైనా గీయించాలి. నాకూ ఇష్టం లేదు. సోమవారానికి చెప్పు."

వేరే ఎవరిచేతో. అంటే నా మేనత్త మెడని ఎవరో సాగదీస్తారు. నా పిచ్చుక జుట్టు ఎవరో దువ్వుతారు. ఇంటికొచ్చే దారంతా అదే ఆలోచన, కన్నపిల్లల్ని ఎవరో ఇచ్చెయ్యమని అడిగినట్టు.

ఇంట్లో చెప్పాను. మా ఆయన చెడ్డవాడు కాదు. ఎప్పుడూ దేన్నీ వద్దనడు. వద్దనకుండానే ఆపడం అతని ప్రత్యేకత. "వెళ్ళు, ఎవరొద్దన్నారు?" అన్నాడు కంచంలోంచి తలెత్తకుండా. "ఇంట్లో పని చూసుకుని వెళ్ళు. పిల్ల బడినుంచి వచ్చేసరికి వచ్చెయ్యి. మధ్యాహ్నం అమ్మకి వేడిగా ఏదో ఒకటి ఉండాలి. అంతేగా?" అంతే. ఆ అంతేలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మొత్తం పట్టేసింది. మా అత్తగారు వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని, "నా మోకాళ్ళ సంగతి నీకు తెలియనిది కాదమ్మాయ్," అన్నారు. "ఇంట్లోనే గీసుకోవచ్చు కదా, ఇంత బల్ల ఉంది." నేను నా కంచం పట్టుకుని సింకుకి ఆనుకుని తింటున్నాను. రొట్టె చల్లారిపోయింది. మా అమ్మాయి మాత్రం, "అమ్మ వెళ్ళకపోతే గరిటని ఎవరు గీస్తారు?" అంది.

శుక్రవారం ఆఖరి బొమ్మ తీసుకుని ఆఫీసుకి వెళ్ళాను. పుస్తకం మొత్తానికి అదే ముఖ్యం. ఆరు పుస్తకాల తర్వాత ఆ ఆరుగురికీ ఒక ఇల్లు దొరుకుతుంది. కెప్టెన్ గారు రాసిన ఆఖరి వాక్యం: 'ఆ రోజు ఆరుగురూ, మొదటిసారి, కదలని బల్ల చుట్టూ భోజనానికి కూర్చున్నారు.' దానికి నేను ప్రాణం పెట్టి గీశాను. వెచ్చటి వెలుతురు, గిన్నెలోంచి ఆవిరి, తాత గడ్డంలో రొట్టె ముక్క, కుర్చీ మీద దిండు, దిండు మీద మేనత్త. నా చేతిలోంచి అంత మంచి బొమ్మ అంతకుముందు రాలేదు.

రంగుల బాబాయి చూసి, "అబ్బ," అన్నాడు. కెప్టెన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. కామా గారు వేలితో లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు.

"గరిట ఏది?"

"ఉంది కదండీ," అన్నాను. బొమ్మ కుడివైపు అంచున, తాత భుజం పక్కనుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి ఉంది. మోచేతి వరకు మడిచిన చొక్కా. చేతిలో గరిట. తాత కంచంలో వడ్డిస్తోంది.

"ఇది చెయ్యి. మనిషేది?"

"వడ్డిస్తోంది కదా. వడ్డించే మనిషి కూర్చుంటే ఎలా? మరి వీళ్ళకి ఎవరు పెడతారు?" నాకు కోపం కూడా వచ్చింది. ఇంత మంచి బొమ్మలో ఇదొక తప్పా అనిపించింది.

కెప్టెన్ గారు నెమ్మదిగా, "నేను వడ్డించిందని రాయలేదమ్మా. కూర్చున్నారని రాశాను. ఆరుగురూ," అన్నారు.

"గిన్నె బల్ల మధ్యలో పెట్టేస్తే సరి. ఎవరిది వాళ్ళు పెట్టుకుంటారు," అన్నాడు రంగుల బాబాయి. అతను మామూలుగానే అన్నాడు. పెళ్ళాం పోయాక ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి, వాళ్ళింట్లో అలాగే తింటారట.

ఇంత తేలికైన సంగతి నా బుర్రకి తట్టలేదు. ఎవరూ నన్ను గరిటని నిలబెట్టి గీయమని చెప్పలేదు. మా ఆయన చెప్పలేదు, అత్తగారు చెప్పలేదు. ఆ కాగితం మీద నాకు అడ్డు చెప్పేవాళ్ళు లేరు. దీవులు పుట్టించగలను, బాతుని దిండు మీద కూర్చోబెట్టగలను. బాతుకి కుర్చీ వేసినదాన్ని, వంట చేసిన పిల్లకి వెయ్యలేదు.

కామా గారు అలమరలోంచి పాత పుస్తకాలు తీసి బల్ల మీద పరిచారు. అందరం కలిసి పేజీలు తిప్పాం. గరిట పొయ్యి ముందు వంగి ఉంది. గరిట బకెట్ మోస్తోంది. గరిట తలుపు దగ్గర నిలబడి అందరి నవ్వులూ వింటోంది. వీపు, మెడ, సగం మొహం. తుఫానులో అందరూ ముడుచుకుని కూర్చుంటే కూడా గరిట నిలబడి కుండ పట్టుకుంది. ఐదు పుస్తకాల్లో ఆ పిల్ల కూర్చున్న బొమ్మ ఒక్కటి లేదు. "చూడండి, నేనూ గమనించలేదు," అన్నారు కెప్టెన్ గారు, తన మీద తనే విసుక్కుంటూ. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. రంగుల బాబాయి టీ తెచ్చి నా ముందు పెట్టి, తానూ కూర్చుని, "పోనీలే అమ్మా, ఇప్పుడు కూర్చోబెడదాం," అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ముగ్గురూ నన్ను ఏడవనిచ్చారు. నా ఏడుపు చూసి కంగారుపడని చోటు నాకు ఉండటం ఎంత అదృష్టమో అప్పుడు అర్థమైంది.

కూర్చోబెట్టడం అనుకున్నంత సులువు కాలేదు. శనివారం అంతా గీశాను, చెరిపాను. గరిట కుర్చీలో ఉంది కానీ కూర్చోలేదు. ఏదో మర్చిపోయి ఇప్పుడే లేచేటట్టు ఉంది. ఇంకోసారి గీస్తే డాక్టరు పిలుపు కోసం చూస్తున్నట్టు ఉంది. బొమ్మలు గీసేవాళ్ళు చెయ్యి తిరగకపోతే అద్దం ముందు కూర్చుని చూసి గీస్తారు. అదీ చేశాను. అద్దంలో ఉన్న మనిషి కూడా లేవడానికి సిద్ధంగానే ఉంది. పోనీ గుర్తున్నది గీద్దామని మా అమ్మని తలుచుకున్నాను. అమ్మ వండటం గుర్తుంది, వడ్డించడం గుర్తుంది, ఇంకాస్త వేసుకోమని బతిమాలడం గుర్తుంది. తినడం మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు. మా అమ్మ కూర్చుని తింటుండగా నేను ఎన్నడూ చూడలేదు. అలా ఎలా చూడకుండా ఉన్నానని నన్ను నేను తిట్టుకుంటూ చాలాసేపు ఏ గీతా గీయలేదు.

ఆదివారం మధ్యాహ్నం వంట అయ్యాక, ఇంకా ఎవరూ భోజనానికి రాకముందు, అత్తగారి దగ్గరికి వెళ్ళాను.

"అత్తయ్యా, నాకో పని చేసిపెడతారా?"

"ఏం, కూరలు తరగాలా?"

"కాదు. బల్ల దగ్గర కుర్చీలో కూర్చోవాలి."

"కూర్చుని?"

"కూర్చోవడమే."

"కూర్చోవడం కూడా ఒక పనేనా అమ్మాయ్?" అన్నారు కానీ, వచ్చారు. కుర్చీ అంచున, పరాయివాళ్ళింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు, తీశారు, బల్ల మీద లేని మరకని తుడిచారు. "ఈ చేతులేం చెయ్యాలి?" అని అడిగారు. నేను కంచంలో రెండు రొట్టెలూ, పొయ్యి మీదనుంచి దించిన కూరా వేసి ముందు పెట్టి, మిగతా రొట్టెల గిన్నె బల్ల మీదే ఉంచాను. నా కాగితం తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. మా అమ్మాయి నా పక్కన చేరింది.

"తినండి."

"వాడింకా తినలేదు. పిల్ల తినలేదు. నేను ముందు తినడమేంటి?"

"బొమ్మ కోసం అత్తయ్యా."

"ఓహో, బొమ్మ కోసమా," అని ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపి నా వైపు చూశారు. "ఇంత వేడిగా ఉంటుందా మన కూర!" అన్నారు.

ఆవిడ మీద నాకున్న ఫిర్యాదులు ఒకటా రెండా. అన్నీ నిజమే, ఏదీ వెనక్కి తీసుకోను. కానీ ఆ మాట వినగానే నా గుండె కరిగిపోయింది. ఈవిడ పీట ఎప్పుడూ ఆ గుమ్మం దగ్గరే ఎందుకుందో, అందరి కంచాలూ తీశాకే ఈవిడ కంచం ఎందుకొస్తుందో నేను ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. నన్ను సింకు దగ్గర నిలబెట్టింది ఈవిడే అనుకున్నాను. ఈవిణ్ణి గుమ్మం దగ్గర ఎవరు కూర్చోబెట్టారో అడగలేదు. పెన్సిల్ కదిలింది. భుజాలు ముందు వచ్చాయి, కిందకి దిగిన భుజాలు. తర్వాత మోచెయ్యి, బల్ల మీద బరువంతా వదిలేసి. గరిట కూర్చోవడం మొదలుపెట్టింది.

మా ఆయన పేపరు పట్టుకుని గదిలోంచి వచ్చాడు. తల్లిని చూసి ఆగిపోయాడు.

"ఏంటమ్మా, అలా కూర్చున్నావ్? ఒంట్లో బాగాలేదా?"

మా అమ్మాయి పకపకా నవ్వింది. అత్తగారు గబుక్కున లేవబోయారు, "ఉండరా, వడ్డిస్తా," అంటూ.

"కదలకండి!" అని అరిచాను. "కదిలితే బొమ్మ పాడైపోతుంది."

ఆవిడ సగం లేచి, మళ్ళీ కూలబడ్డారు. "కదలకూడదటరా," అన్నారు కొడుకుతో, చేసేదేమీ లేదన్నట్టు మొహం పెట్టి. ఆ మొహంలో చేసేదేమీ లేనితనం ఏ మూలా లేదు.

అతను నా వైపు చూశాడు. నా చేతిలో పెన్సిల్ ఉంది. పిల్ల వైపు చూశాడు. అది నా రబ్బరు ముక్క పట్టుకుని, "నాకూ పని ఉంది నాన్నా," అంది. వేరే దారి లేక వంటింట్లోకి వెళ్ళాడు. అలమర తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. "కంచాలెక్కడ?" అని వినిపించింది. "చెంచాలు ఎక్కడ పెడతారు?" ఆ ఇంట్లో అతను పుట్టి పెరిగాడు. ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా నవ్వు ఆపుకున్నాం.

చివరికి కంచం సంపాదించుకుని, తన కూర తనే వేసుకుని, వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. కాసేపు తిన్నాక, "రేపేగా నువ్వు చెప్పాల్సింది? ఏమాలోచించావ్?" అన్నాడు.

నేను తలెత్తలేదు. గరిట నోటి దగ్గర చిన్న గీత మిగిలింది, అది తప్పిపోతే మళ్ళీ దొరకదు. "ఆలోచించడం అయిపోయింది," అన్నాను. "రేపట్నుంచి వెళ్తున్నాను. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తాను."

"మరి ఇల్లు?"

"ఇల్లు ఎక్కడికీ పోదండీ. వంట నలుగురం తింటున్నాం, ఎవరెవరు ఏం చేస్తారో సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం." ఆ గదిలో లేని ఆఫీసు వాళ్ళు ముగ్గురూ నా వెనక నిలబడి ఉన్నట్టే ఉంది. వాళ్ళకి ఎలా థాంక్స్ చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. పనిలోకి వెళ్ళడమే నేను చెప్పగలిగిన థాంక్స్ అనుకున్నాను.

మా ఆయన చివరి ఆశగా తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పు. నీ మోకాళ్ళకి కుదురుతుందా?"

మా అత్తగారు నోట్లో ఉన్నది పూర్తిగా నమిలి మింగారు. తొందరపడలేదు.

"నన్నడగకురా," అన్నారు. "నేను కదలకూడదు."

బొమ్మ అప్పటికే అయిపోయింది. కాగితం మీద ఆరుగురున్నారు, ఆరుగురూ కూర్చున్నారు, గరిట మొహం మొదటిసారి నిండుగా కనిపిస్తోంది. ఎదురుగా కూర్చున్న అత్తగారికి కూడా అది కనిపిస్తూనే ఉంది. నేను పెన్సిల్ కింద పెట్టలేదు.

"ఇంకా ఉందా?" అని అడిగారు ఆవిడ, మెల్లగా.

"ఉంది అత్తయ్యా," అన్నాను.

ఆవిడ చెయ్యి చాపి ఇంకో రొట్టె తీసుకున్నారు.